కొత్త వెర్షన్ కొన్నాము, పాతది తీసివేయడం లేదు

మా వద్ద సంగీతం చేయించుకునే మీ అందరికీ నమస్కారం.

ప్రకటనలకూ, పాడ్‌కాస్టులకూ, లఘుచిత్రాలకూ మేము చేసే సంగీతంలో ముప్పాతిక భాగం ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్ సింథసైజర్ మీద నడుస్తుందని మీలో చాలామందికి తెలుసు. అసలు వాద్యాలను ముందుగా రికార్డు చేసి పెట్టుకుని, ఆ శాంపిళ్లను కీబోర్డు మీద మనం నొక్కినట్లుగా వినిపించే రకం అది. దాని తయారీదారులు కొత్త వెర్షన్ విడుదల చేసి, పాత లైసెన్సు ఉన్నవారికి కొంతకాలం తగ్గింపు ప్రకటించారు. అప్పటి నుంచి మీలో కొందరు మేము ఎప్పుడు మారుతున్నామని అడుగుతున్నారు, మరికొందరు తమ పాత పనులు ఏమవుతాయోనని అడుగుతున్నారు. మా దగ్గరున్న రెండు లైసెన్సుల్లో ఒకదానిని మాత్రమే అప్‌గ్రేడ్ చేశాము. కొత్త వెర్షన్ రెండో కంప్యూటర్లో ఉంటుంది. ఇప్పటిదాకా మీ పనులు తయారైన మొదటి కంప్యూటర్‌ను ముట్టుకోవడం లేదు. ఈ మాట చెప్పడానికి ఇంత ఆలస్యం ఎందుకయిందో, మధ్యలో మేము చేసిన పొరపాటు ఏమిటో కూడా మీకు తెలియాలి.

ఈ రకం వాద్యం ఎలా పనిచేస్తుందో కొంత చెబితే తప్ప మా తర్జనభర్జన అర్థం కాదు. మీ ప్రకటనలో వినిపించిన పియానో కంప్యూటర్ కల్పించిన శబ్దం కాదు. ఎక్కడో ఒక స్టూడియోలో ఒక వాద్యకారుడు నిజమైన పియానో ముందు కూర్చుని, ఒక్కొక్క మీటనూ మెల్లగా, కొంచెం గట్టిగా, ఇంకా గట్టిగా ఇలా అనేక స్థాయిలలో నొక్కి, ప్రతిసారీ ఆ నాదం పూర్తిగా అణగిపోయేదాకా కదలకుండా వేచి ఉండగా రికార్డు చేసినది. 88 మీటలు, ఒక్కొక్క మీటకు 8 స్థాయిలు అనుకుంటే 704 రికార్డింగులు అవుతాయి. ఒక్కొక్కటి 20 సెకన్లు ఉందనుకుంటే, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో నాణ్యతలో సెకనుకు 2,88,000 బైట్ల చొప్పున లెక్క 4 జీబీ దాటుతుంది. పెడల్ తొక్కి వాయించినవి విడిగా తీస్తే అది రెట్టింపు. ఇంత సరుకునూ ర్యామ్‌లో నింపితే ఇంకే వాద్యానికీ చోటు మిగలదు కాబట్టి, ప్రతి రికార్డింగులోనూ మొదటి తునకను మాత్రమే ర్యామ్‌లో ఉంచి, మీట నొక్కగానే దానిని వినిపిస్తూ, ఆలోగా మిగతాది డిస్కు నుంచి తెచ్చుకునే పద్ధతి 1990ల చివరలో వాడుకలోకి వచ్చింది. తునకకు 60 కేబీ చొప్పున చూస్తే 704 తునకలకూ కలిపి 42 ఎంబీ సరిపోతుంది.

అందువల్ల అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన ఆ పియానో మారదు. ఆ రికార్డింగులు నిన్న ఎలా ఉన్నాయో నేడూ అలాగే ఉంటాయి. మారేది వాటిని చదివి, సాగదీసి, వడపోసి, రివెర్బ్ (గదిలో వినిపించేలాంటి ప్రతిధ్వని) కలిపి మన చెవికి అందించే ఇంజన్. కొత్త వెర్షన్‌తో పాటు కొత్త శబ్దాల లైబ్రరీ కూడా ఇస్తారు, ప్రకటనల్లో ముందు చూపించేది కూడా దానినే. నా వరకు నాకు ఆ లైబ్రరీ కోసం ఒక్క రూపాయి కూడా పెట్టాలనిపించలేదు. ఉన్న లైబ్రరీలో సగం శబ్దాలను మేము ఇంతవరకు తెరిచి కూడా చూడలేదు.

మమ్మల్ని ఆలోచనలో పడేసినది ఇంజన్‌లో వచ్చిన ఒక మార్పు. ప్రతి స్వరానికీ రికార్డింగు ఉండాలన్న నియమం లేదు. చాలా లైబ్రరీలలో మూడు నాలుగు స్వరాలకు ఒకటి చొప్పున రికార్డు చేసి, మధ్యలో ఉన్నవాటికి పక్క స్వరాన్నే పైకో కిందికో జరుపుతారు. మూడు అర్ధస్వరాలు పైకి జరపాలంటే ఆ రికార్డింగును దాదాపు 19 శాతం వేగంగా తిప్పాలి. పియానో విషయంలో అది పెద్దగా పట్టుబడదు. వయొలిన్ విషయంలో వెంటనే పట్టుబడుతుంది, ఎందుకంటే స్వరంతో పాటు దానిలోని కంపనం (వాద్యకారుడు వేలు ఊపడంతో వచ్చే వణుకు, వైబ్రాటో) కూడా వేగం అందుకుంటుంది. సెకనుకు ఐదుసార్లు నిదానంగా ఊగవలసిన కంపనం ఆరుసార్లు ఊగుతుంది. ఒకే పదబంధంలో ఒక స్వరం నెమ్మదిగా, పక్కది తొందరగా వణుకుతుంటే, వినేవారు కారణం చెప్పలేకపోవచ్చు గాని అది మనిషి వాయించినది కాదని మాత్రం గ్రహిస్తారు. కొత్త ఇంజన్‌లో స్వరస్థాయి మారినా కంపన వేగం మారకుండా నిలిపే ఏర్పాటు ఉంది, అది మేము పెట్టిన పరీక్షల్లో బాగానే పనిచేసింది. నిదానంగా సాగే వయొలిన్ బాణీలు అడిగేవారికి ఈ తేడా స్పష్టంగా వినిపిస్తుంది. అప్‌గ్రేడ్‌కు మేము డబ్బు పెట్టినది ముఖ్యంగా దీనికోసమే. రెండో కారణం చెప్పుకోవడానికి కొంచెం మొహమాటంగా ఉంది: పాత వెర్షన్ కిటికీని పెద్దది చేయడానికి వీలు లేదు, నేటి తెరల మీద అక్షరాలు చీమల బారులాగా కనబడతాయి, నా కళ్లు ఇంతకు ముందులాగా లేవు.

ట్రయల్ వెర్షన్ ఇచ్చినన్ని రోజులూ దానిని పాత పనుల మీదే పరీక్షించాము. పదకొండు పాత ప్రాజెక్టులను ఎంచుకుని, ఒక్కొక్కదానినీ పాత వెర్షన్‌లో ఒకసారి, కొత్త వెర్షన్‌లో ఒకసారి బౌన్స్ చేసి (అంటే పూర్తయిన ఆడియో ఫైలుగా తీసి), రెండిటినీ పక్కపక్కన పెట్టి, ఒకదాని తరంగాన్ని తలకిందులు చేసి రెండిటినీ కలిపాము. రెండూ అక్షరాలా ఒకటే అయితే ఫలితం నిశ్శబ్దం కావాలి. మొదటి ప్రాజెక్టులోనే నిశ్శబ్దం రాకపోవడంతో నాకు గుండె జారినంత పని అయింది. తీరా చూస్తే, పాత వెర్షన్‌లోనే రెండుసార్లు బౌన్స్ చేసి కలిపినా నిశ్శబ్దం రాలేదు. ఒకే స్వరాన్ని వరుసగా నొక్కినప్పుడు యాంత్రికంగా వినిపించకుండా ఉండడానికి ఆ స్వరానికి నాలుగైదు రికార్డింగులు పెట్టుకుని వంతులవారీగా వాడుతుంది కాబట్టి, ప్రతిసారీ వంతు ఎక్కడ మొదలయిందన్న దానిని బట్టి ఫలితం మారుతుంది. వంతుల ఏర్పాటును ఆపివేసి మళ్లీ చేస్తే, పదకొండింటిలో ఎనిమిది చెప్పుకోదగ్గ తేడా లేకుండా సరిపోయాయి.

మిగిలిన మూడింటిలో ఒకదానిలో శాంపిళ్లు కనిపించడం లేదన్న సందేశం వచ్చింది, ఫోల్డర్ చిరునామా మళ్లీ చూపించగానే అది సర్దుకుంది. తక్కిన రెండూ నిజంగానే మారాయి. ఒకదానిలో నేపథ్యంలో పరుపులా పరుచుకుని సాగే శబ్దం (ప్యాడ్) ఊగే తీరు లయకు అర మాత్ర పక్కకు జరిగింది. రెండో దానిలో వాద్యంలోపలే ఉండే పాత రివెర్బ్ స్థానంలో కొత్తది వచ్చి కూర్చుంది, దాని తోక పాతదానికంటే పొడవు. వయొలిన్లు ఆగిన తరువాత, వ్యాఖ్యాత మొదటి మాట మీద ఆ ప్రతిధ్వని పొరలా పరుచుకుంది. కొత్త రివెర్బ్ పాతదానికంటే మేలైనదనే నేను అంటాను. కానీ మీరు విని, సరేనని, డబ్బు చెల్లించి తీసుకువెళ్లినది పాతదానిని.

ఇక పొరపాటు సంగతి. ఆ పరీక్షల రోజుల్లోనే ఒక సాయంత్రం, నకలు తీసి దాని మీద పని చేయవలసిన నేను, అసలు ఫైలునే కొత్త వెర్షన్‌లో తెరిచి, అలవాటు కొద్దీ సేవ్ నొక్కేశాను. వాద్యం అమరికల ఫైలు కొత్త పద్ధతిలో తిరగరాయబడింది. మరుసటి ఉదయం మొదటి కంప్యూటర్లో దానిని తెరవబోతే, ఇది ఇంతకంటే కొత్త వెర్షన్‌లో తయారైన ఫైలు అన్న ఒక్క వాక్యం చూపించి ఊరుకుంది. కొత్త వెర్షన్ పాత ఫైళ్లను చదవగలదు గాని, పాత వెర్షన్ కొత్త ఫైళ్లను చదవలేదు. ఇది నాకు తెలియని విషయం కాదు, తెలిసే చేసిన అజాగ్రత్త. సరిగ్గా ఆ రోజే ఆ పని చేయించుకున్నవారు చిన్న మార్పు అడిగారు: 40 సెకన్ల బాణీలో 12వ సెకను దగ్గర వేణువు కాస్త తగ్గాలి. పది నిమిషాల పని. మా దగ్గరున్న బ్యాకప్ మూడు వారాల నాటిది, ఆ తరువాత చేసిన మార్పులేవీ అందులో లేవు. బౌన్స్ చేసిన పాట వింటూ, వేణువు అమరికలను చెవితో పోల్చుకుంటూ తిరిగి కట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆలస్యానికి వేరే కారణమేదో ఉన్నట్లుగా అప్పుడు వారికి ఫోనులో చెప్పాను. ఆ తరువాత అసలు సంగతి వివరించి క్షమాపణ కోరాను. వారు పెద్దమనసుతో తీసుకున్నారు.

ఆ రెండు రోజులూ నన్ను ఎక్కువగా బాధించినది శ్రమ కాదు. మీరు ఎప్పుడు తిరిగి వచ్చినా మీ పనిని తెరిచి మార్చి ఇస్తామని మేము మొదటి నుంచీ చెబుతూ వచ్చాము, కొందరికి రాతపూర్వకంగా కూడా ఇచ్చాము. ఆ మాట నిలబడాలంటే మా చేతిలో లేనివి చాలా నిలబడాలి. 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనాతో 32 బిట్ ప్లగిన్లు, అంటే సంగీత సాఫ్ట్‌వేర్ లోపల నడిచే పాతతరం వాద్యాలు, ఎఫెక్టులు, మ్యాక్ కంప్యూటర్లలో నడవడం ఆగిపోయింది. 2020 చివర నుంచి అవే కంప్యూటర్లలో ప్రాసెసర్ జాతే మారింది. సంగీత సాఫ్ట్‌వేర్లకు 1996 నుంచి వీఎస్‌టీ అన్న అనుసంధాన పద్ధతిని అందిస్తున్న స్టైన్‌బర్గ్ సంస్థ, దాని రెండో తరాన్ని 24 నెలల్లో తమ సాఫ్ట్‌వేర్ల నుంచి తొలగిస్తామని 2022లో ప్రకటించింది. పాత ప్రాజెక్టు ఏ తరం ప్లగిన్‌తో చేసిందో దానికోసమే వెతుకుతుంది, ఆ స్థానంలో మూడో తరానిది ఉన్నా అన్నిసార్లూ గుర్తుపట్టదు. వీటిలో ఏ ఒక్కటీ ఎవరి తప్పూ కాదు. ఇవన్నీ మాకు తెలిసి కూడా గడువు లేని హామీ ఇవ్వడం మాత్రం మా తప్పే. వీటన్నిటి మధ్య వాద్యాలకూ కంప్యూటర్లకూ మధ్య సందేశాలు పంపే, 1983లో వచ్చిన మిడి పద్ధతి ఒక్కటే అప్పటి సందేశాన్ని ఇప్పటికీ అర్థం చేసుకుంటోంది. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా వంటి సూచనలే తప్ప అది శబ్దాన్ని మోయదు కాబట్టే ఇంతకాలం నిలిచిందనుకుంటాను.

కాబట్టి ఆ హామీని మార్చుతున్నాము. ఇకమీదట ప్రతి పనితోనూ పూర్తయిన మిక్స్‌తో పాటు ప్రతి వాద్యాన్నీ విడివిడిగా, రివెర్బ్ వంటి ఎఫెక్టులతో ఒకసారి, అవి లేకుండా ఒకసారి వేవ్ ఫైళ్లుగా ఇస్తాము. మిడి ఫైలు కూడా ఇస్తాము, ఏ ప్రీసెట్ (ముందే సిద్ధంగా ఉండే శబ్దపు అమరిక), ఏ వెర్షన్ వాడామో రాసిన ఒక కాగితం కూడా దానితో ఉంటుంది. ఈ ఫైళ్లను ఏ స్టూడియోలోనైనా తెరవవచ్చు, మా దగ్గరికే రావలసిన అవసరం లేదు. వ్యాపారానికి ఇది మంచిదేనా అని మా ఇంట్లోనే ఒక ప్రశ్న వచ్చింది. పదేళ్ల తరువాత మీరు తిరిగి వచ్చినప్పుడు ఫైలు తెరుచుకోలేదని చెప్పుకోవడం కంటే ఇదే నయమని నా సమాధానం.

దీని పరిమితిని కూడా దాచడం లేదు. విడి ఫైళ్లతో వేణువును తగ్గించవచ్చు, పెంచవచ్చు, పూర్తిగా తీసివేయవచ్చు. వేణువు వాయించిన స్వరాలనే మార్చాలంటే మాత్రం ఆ వాద్యం, ఆ వెర్షన్, ఆ అమరిక మళ్లీ కావాలి. అందుకే మొదటి కంప్యూటర్‌ను ఉన్నదున్నట్లుగా ఉంచుతున్నాము. దానిలో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు ఆపివేశాము, ఇంటర్నెట్ తీసివేశాము, డిస్కుకు పూర్తి నకలు తీసి వేరుగా భద్రపరిచాము. ఎంత చేసినా అది యంత్రమే. దానిలోని బోర్డు పోయి కొత్త యంత్రంలో పెట్టవలసి వస్తే, పాత వెర్షన్ లైసెన్సును తయారీదారుల సర్వర్ మళ్లీ ఒప్పుకోవాలి, ఆ సర్వర్ ఎన్నాళ్లు ఉంటుందన్నది వారి ఇష్టం. కాబట్టి పాత పనులను మళ్లీ తెరవడం గురించి ఇకనుంచి ‘ఆ కంప్యూటర్ పనిచేసినంతకాలం’ అనే చెబుతాము.

ఎవరి పని ఎక్కడ జరుగుతుందన్నది క్లుప్తంగా చెబుతాను. ఇప్పటికే నడుస్తున్న పాడ్‌కాస్టులు, భాగాలుగా వస్తున్న ఆడియో పుస్తకాలు అయిపోయేంతవరకు పాత వెర్షన్‌లోనే ఉంటాయి, మొదటి భాగంలో విన్న శబ్దమే చివరి భాగంలోనూ వినిపిస్తుంది. కొత్తగా మొదలయ్యే పనుల్లో వయొలిన్, వేణువు ప్రధానంగా ఉన్నవాటిని కొత్త వెర్షన్‌లో చేస్తాము. మిగతావాటికి ఏది ఖాళీగా ఉంటే అది. అప్‌గ్రేడ్ ఖర్చును మీ బిల్లులో కలపడం లేదు, విడి ఫైళ్లకు కూడా అదనంగా తీసుకోము. కొత్త వెర్షన్‌తో మా ప్రకటన ఇంకా ఆధునికంగా వినిపిస్తుందా అని ఒకరు అడిగారు. వినిపించదు. మీరు ఆధునికమనుకుంటున్నది చాలావరకు మిక్సింగ్‌లో ఉంటుంది, దానికి ఈ వెర్షన్‌తో సంబంధం లేదు.

తగ్గింపు చివరి రోజు రాత్రి రెండు లైసెన్సులనూ అప్‌గ్రేడ్ చేయడానికి కార్డు వివరాలు కూడా నింపాను. తెర మీద గంటలు, నిమిషాలు తగ్గుతూ కనిపిస్తుంటే మనిషికి లెక్క తప్పుతుంది. ఒకటి తీసివేసి, ఒకటి కొన్నాను. కొన్ని వారాలకే అదే తగ్గింపును ఇంకో పేరుతో మళ్లీ ప్రకటించారు.

గత మూడేళ్లలో మేము చేసిన పనులన్నిటినీ పాత కంప్యూటర్లో ఒక్కొక్కటిగా తెరిచి విడి ఫైళ్లుగా తీయడం పూర్తయింది. అవి మీకు కావాలంటే ప్రాజెక్టు పేరు రాస్తే చాలు, పంపిస్తాము. అంతకు ముందువి ఇంకా మొదలుపెట్టలేదు, వాటిలో కొన్నిటిని ఇప్పటికే మానివేసిన ప్లగిన్లతో చేశాము కాబట్టి అన్నీ తెరుచుకుంటాయని చెప్పలేను. మీ పాత పనిని ఇంకా వాడుతున్నట్లయితే ఇప్పుడే తెలియజేయండి, అడిగిన వరుసలోనే తెరుస్తాము. పాత కంప్యూటర్ మీద ఈ పని శనివారాలు మాత్రమే చేస్తున్నాము.