నెట్ ఉంది, సైటు మాత్రం రాదు

సంపాదకులకు,

ఇంట్లో నెట్ బాగానే ఉంటుంది, యూట్యూబ్ ఆడుతుంటుంది, ఏదో ఒక్క సైటు మాత్రం ఎంతసేపు చూసినా తెరుచుకోదు, అదే ఫోన్ డేటా మీద పెడితే ఠక్కున వచ్చేస్తుంది. మా ప్రొవైడర్‌కి ఫోన్ చేస్తే రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంటాడు. రూటర్ ఏం చేస్తుంది పాపం! తేడా కొన్నిసార్లు మన ఇంట్లో కాదు, ఎక్కడో రెండు కంపెనీల మధ్య ఉంటుంది.

ఇంటర్నెట్ అంతా ఒకటే అనుకుంటాం గానీ అది వేల నెట్‌వర్క్‌లు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందాల మీద నడుస్తుంది. మామూలుగా డబ్బు ప్రసక్తి లేకుండా ఒకరి ట్రాఫిక్, అంటే డేటా రాకపోకలు, ఒకరు తీసుకోవడమే పీరింగ్. 'మీ నుంచే ఎక్కువ వస్తోంది, డబ్బు కట్టండి' అని ఒకరు, 'కట్టబోం' అని మరొకరు పంతానికి పోతే లింకు తెగుతుంది. అమెరికాలో 2008 అక్టోబర్ 30న స్ప్రింట్ కంపెనీ, కోజెంట్ అనే మరో నెట్‌వర్క్ కంపెనీతో లింకులు తీసేసింది. ఈ రెండింటిలో ఒక్కదాన్నే నమ్ముకున్న కస్టమర్లకు అవతలి పక్కన ఉన్నవి కనిపించకుండా పోయాయి, వాళ్లలో యూనివర్సిటీలూ ఉన్నాయి. ఇదే కోజెంట్‌తో ఐపీవీ6 (ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి) పీరింగ్ కుదరక హరికేన్ ఎలక్ట్రిక్ అనే నెట్‌వర్క్ కంపెనీ వాళ్లు 2009లో బతిమాలుతూ కేకు మీద రాయించారు. నవ్వొస్తుంది గానీ, కేకుకి కూడా పని జరగలేదు.

మరి నెలనెలా బిల్లు కట్టే మనకి ప్రపంచంలోని ప్రతి సైటూ అందుతుందని హామీ ఉందా? లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ నాణ్యత ప్రమాణాల్లో కూడా డేటా ఆలస్యాన్ని కొలిచింది నెట్‌వర్క్‌లు కలుసుకునే ఎక్స్ఛేంజ్ దాకానే (మన దేశంలో నిక్సీ, లేదంటే విదేశంలో దగ్గరిది), ఆ తర్వాత దారి ఎవరిదో ఎవరికీ పట్టదు. నెట్ న్యూట్రాలిటీ ఉంది కదా అనొచ్చు. అది సైటును కావాలని ఆపొద్దంటుంది, ఫలానా నెట్‌వర్క్‌తో కలిసి తీరాలని మాత్రం అనదు.

బలవంతంగా అందరినీ కలపమని నేను అడగను, అది జరిగే పని కాదు. ప్రొవైడర్ తన పైనున్న ఏ నెట్‌వర్క్ కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్ కొంటున్నాడో, ఒక్కరి దగ్గరేనా ఇద్దరి దగ్గరా అన్నది ప్లాన్ కాగితం మీదే రాయాలి. గొడవల వల్ల ఏవైనా సైట్లు అందకపోతే కస్టమర్‌కి మెసేజ్ పెట్టాలి, వదిలి వెళ్తానంటే ఏడాదికి ముందే కట్టిన డబ్బులో మిగిలింది తిరిగివ్వాలి. ట్రాయ్ ఈ మాత్రం చేయించగలదు.

- ఒక పాఠకుడు, విజయవాడ