దొంగ ఓట్ల గోల, తెరవని లిస్టులు
దొంగ ఓట్లు అని అరిచేవాళ్లూ, అంతా అబద్ధం అని కొట్టిపారేసేవాళ్లూ ఇద్దరూ ఓటర్ల లిస్టు తెరిచి చూడట్లేదు, అదీ అసలు సమస్య. ఒకే డోర్ నంబర్ మీద బోలెడు ఓట్లు అని వాట్సాప్‌లో తిరుగుతోంది కదా, మా వీధిలో అయితే అది అపార్ట్‌మెంటు, ఫ్లాట్ నంబర్లు ఎక్కించలేదంతే, కానీ అదే లిస్టులో ఎప్పుడో చనిపోయినవాళ్ల పేర్లు ఇంకా ఉన్నాయి (అలాగని వాళ్ల ఓటు ఎవరో వేసేశారని కాదు, అది తేలాలంటే బూత్‌లో సంతకం పెట్టించే 17ఏ రిజిస్టర్ చూడాలి). చెక్ చేద్దామంటే ఎన్నికల సంఘం ఇచ్చేది ఇమేజ్ పీడీఎఫ్, పేరు కొట్టి వెతకడానికి కూడా రాదు. బీహార్‌లో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాక గానీ, ఓటర్ల లిస్టు సవరణలో తీసేసిన 65 లక్షల పేర్లు కారణాలతో సహా బయటికి రాలేదు, ఇక్కడ ఆ పనేదో ఎవరూ కోర్టుకెక్కకముందే బూత్ వారీగా చేసి, వెతకడానికి వీలయ్యే ఫైల్ పెట్టాలి.