బ్రోమో చూసొచ్చాక అమ్మ రాసిన ఉత్తరం

చి.సౌ. చిన్నికి, అమ్మ ఆశీస్సులు.

"ఈ వయసులో మీకు అగ్నిపర్వతాలు ఎందుకమ్మా" అని ఫోన్లో గట్టిగానే అక్షింతలు వేశావు. నీ వేగానికి నేను మధ్యలో అడ్డుపడలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు నీ భయం సంగతి. న్యూజిలాండ్‌లో వైట్ ఐలాండ్ అగ్నిపర్వతం 2019లో పేలి 22 మంది పోయారన్నావు. నిజమే. ఇండోనేషియా జావా ద్వీపంలో మేం చూసొచ్చిన బ్రోమో కూడా ఏం తక్కువ తినలేదు. 2004 జూన్‌లో ఉన్నట్టుండి పేలితే ఇద్దరు యాత్రికులు చనిపోయారు. 2010 నవంబరులో మొదలుపెట్టి నెలల తరబడి బూడిద కక్కింది. ఇదంతా మీ నాన్నగారు పరీక్షకి చదివినట్టు చదివే బయల్దేరారు. ఇండోనేషియాలో అగ్నిపర్వతాల హెచ్చరికలు నాలుగు అంచెల్లో ఇస్తారు. ఏ అంచెలో ఉందో చూసుకుని, ఆ రోజు బిలం దాకా, అంటే అగ్నిపర్వతం నోటి దాకా, వెళ్ళనిస్తున్నారో లేదో ఊళ్ళో కనుక్కునే కదిలాం. అలాగని ప్రమాదం లేదని నీకు అబద్ధం చెప్పను. లోపలి వేడికి నీళ్ళు ఆవిరై ఒక్కసారిగా పేలితే ముందుగా తెలిసేది తక్కువ. అందుకే అంచు మీద ఎక్కువసేపు ఉండలేదు. ఉన్న కాసేపూ తెలిసే ఉన్నాం.

మన దేశంలో ఇలాంటిది అండమాన్‌లో ఒక్కటే ఉంది, బారెన్ ద్వీపం. మీ నాన్నగారి మనసు మొదట దాని మీదే. అక్కడ ఒడ్డున దిగనివ్వరు, పడవలోంచి చూసి రావాల్సిందే. చిత్రమేమిటంటే జావా కొండలూ అదీ ఒకే వరసలోవి. మన వైపు సముద్రపు అడుగునేల అక్కడి నేల కిందకి దూరుతుందట. దాంతోపాటు దిగిన నీరు పైనున్న రాతిలోకి చేరితే ఆ రాయి సులువుగా కరుగుతుందట. ఈ సంగతి సురబయ నగరం నుంచి కొండ దగ్గరి చెమొరో లవాంగ్ ఊరు చేరేదాకా నాకు పాఠం చెబుతూనే ఉన్నారు.

తెల్లవారుజామున పాత ల్యాండ్ క్రూజర్ జీపులో పెనంజకన్ కొండ మీదకి తీసుకెళ్ళారు. 2,770 మీటర్ల ఎత్తు. మంకీ క్యాప్ మీద శాలువా చుట్టుకున్నా వణుకు ఆగలేదు. సూర్యోదయం గురించి అందరూ తెగ చెబుతారు గానీ, నేను చూసింది సగం సూర్యుణ్ణి, సగం సెల్ఫీ కర్రల్ని. వెలుగొచ్చాక మాత్రం కళ్ళు తిప్పుకోలేకపోయాను. ముందు బతోక్ కొండ, పరికిణీ కుచ్చిళ్ళు పెట్టినట్టు. పక్కనే పొగలు చిమ్ముతూ బ్రోమో. వెనకాల 3,676 మీటర్ల సెమేరు, జావాలో అన్నిటికన్నా ఎత్తయింది.

అసలు చూడాల్సింది కిందనున్న ఇసుక మైదానం. ఒకప్పటి పెద్ద కొండ లోపలికి కూలి పళ్ళెంలా మిగిలితే అందులోంచి మళ్ళీ పుట్టినవే ఈ కొండలు. అడుగు వేస్తే బూడిద లేస్తుంది, పళ్ళ మధ్య కరకరలాడుతుంది. గుర్రాలవాళ్ళు వెంటపడ్డా మీ నాన్నగారు ఎక్కనని పంతం. చివర్న రెండొందల యాభై దాకా మెట్లు. సగం మెట్లు బూడిదలో పూడిపోయి ఉన్నాయి, కమ్మీ పట్టుకుని ఎక్కాలి. "ఫోటో తీస్తా ఉండు" అంటూ ఆయన ప్రతి మలుపులో ఆగారు. ఒక్క ఫోటో కూడా లేదు సుమా.

పైన దారి ఇద్దరు ఒదిగి నిలబడేంత. లోపల్నుంచి ఆగకుండా హోరు. గాలి మన వైపు తిరిగిందంటే గంధకం కంపుకి గొంతు పట్టేస్తుంది, కళ్ళలో నీళ్ళు. ఆ అంచు మీదే వినాయకుడు! ముందు పూలున్నాయి. అక్కడి తెంగర్ వాళ్ళు హిందువులు, ఇసుక మైదానంలో వాళ్ళ గుడి కూడా ఉంది. దండం పెట్టుకుంటే నా పక్కనున్న ముసలమ్మ నవ్వి జరిగి చోటిచ్చింది.

వాళ్ళ కథ మా జీపు డ్రైవరు చెప్పాడు. రోరో అంతెంగ్, జోకో సెగెర్ అనే దంపతులకి పిల్లల్లేరట. ఆఖరివాణ్ణి అగ్నికి ఇస్తామని మొక్కుకుంటే ఇరవై అయిదుమంది పుట్టారట. చివరివాడు కుసుమ. ఇవ్వడానికి చేతులు రాక దాక్కుంటే కొండే పేలి పిల్లాణ్ణి పట్టుకుపోయిందట. మన హరిశ్చంద్రుడు నయం. కొడుకుని ఇస్తానని మొక్కుకుని, వరుణుడు అడిగినప్పుడల్లా పళ్ళు రాలేదనీ, పాలపళ్ళు ఊడలేదనీ వాయిదాలేశాడు. మా ఆఖరిదానివి నువ్వు కదా, మీ నాన్నగారు నా వంక చూశారు. ఇరవై అయిదు కాన్పులైన ఆ తల్లిని ఎవరైనా ఒక మాట అడిగారా అన్నాను నేను. డ్రైవరుకి అర్థం కాలేదు.

ఆ పిల్లాడి పేరనే ఏటా కసద పండగకి కోళ్ళూ కూరగాయలూ డబ్బులూ బిలంలోకి విసురుతారు. బిలం లోపలి వాలు మీద మరికొందరు వలలు పట్టుకుని నిలబడి వాటిని అందుకుంటారట! మీ నాన్నగారికి అది అపచారంగా తోచింది. అగ్నిలో పడి కాలేకన్నా ఎవరింట్లోనో ఉడకడం మేలు కదా అని నా లెక్క. వాళ్ళు బంగాళాదుంపలూ క్యాబేజీలూ పండించుకునేది ఆ బూడిద నేలలోనే. బూడిద ఎక్కువ పడిన ఏడాది పంట పోతుంది, తరవాత అదే ఎరువవుతుంది. మేం దిగిన ఇంటావిడ పెరట్లో ఉల్లికాడలు ఎంత లావున్నాయనుకున్నావ్!

నువ్వూ అల్లుడుగారూ కూడా వెళ్ళండి. వర్షాలుండవు కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు మధ్య మంచిది, చలికి మాత్రం సిద్ధపడాలి. గుడ్డ మాస్కు చాలదు, ఆయనకి అసలే సైనస్. మంచిది కొనుక్కుని వెళ్ళండి, ఆ పూట పొగ మరీ ఎక్కువుంటే మెట్ల కిందే ఆగిపొమ్మను. పాత బూట్లు చాలు. సెలవులు ఎప్పుడు దొరుకుతాయో రాయి, హోటల్ వివరాలు నాన్నగారు పంపుతారు.

మీ అమ్మ