క్యారెట్ల లెక్క ఒకసారి చూసుకోండి

సంపాదక మహాశయా,

తొలకరి పడగానే మా కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల వజ్రాల వేట మొదలైందని మీరు వేసిన వార్త చదివి పది రోజులైంది. సవరణ వేస్తారేమోనని రోజూ పేపర్ తిరగేస్తూ కూర్చున్నాను. వేయలేదు. ఇక రాయక తప్పడం లేదు.

ఆ వార్తలో రెండు ఆణిముత్యాలున్నాయి. వజ్రం 'భూమ్మీద అన్నింటికన్నా గట్టిది, బరువైనది' అన్నది ఒకటి. '22 క్యారెట్ల వజ్రం దొరికితే మేలిమి బంగారం దొరికినట్టే' అన్నది రెండోది. మొదటిదాంట్లో సగమైనా నిజముంది. రెండోదాంట్లో అదీ లేదు.

గట్టిదనం వేరు, బరువు వేరు. ఘన సెంటీమీటరు వజ్రం తూగేది 3.52 గ్రాములు. అంతే ముక్క ఇనుము 7.87, రాగి 8.96, వెండి 10.5, సీసం 11.3, బంగారం 19.3. అంటే వజ్రం మన వంటింటి అల్యూమినియం గిన్నెకి (2.7) కాస్త ముందు, ఇనప పెనానికి చాలా వెనక. వజ్రం బొగ్గు జాతిది. కార్బన్ పరమాణువులు ఒకదాన్నొకటి నాలుగు వైపులా బిగించి పట్టుకుంటాయి కాబట్టి దాని మీద గీత పడదు. పట్టు గట్టిదైనంత మాత్రాన తేలికపాటి పరమాణువుకి బరువు ఎక్కడినుంచి వస్తుంది?

ఇక క్యారెట్టు. రాళ్ళకైతే అది బరువు. 200 మిల్లీగ్రాములని 1907లోనే అంతర్జాతీయంగా ఖాయం చేశారు. ఐదు క్యారెట్లు ఒక గ్రాము, యాభై క్యారెట్లు మన అంగళ్ళ తులం. బంగారానికైతే అది నాణ్యం, 24 పాళ్ళలో ఎన్ని పాళ్ళు అసలు బంగారమో చెప్పే లెక్క. 22 క్యారెట్ల వజ్రమంటే నాలుగున్నర గ్రాములు కూడా నిండని రాయి. మన కొల్లూరుదని చెప్పుకునే కోహినూరే ఇప్పుడు 105.6 క్యారెట్లు, రెండు తులాల పైచిలుకు. అంతే!

అదే రోజు మీ సంపాదకీయం చదువుల ప్రమాణాలు దిగజారాయని. గురివింద సామెత గుర్తొచ్చింది. ఆ గింజతోనే ఒకప్పుడు కంసాలులు బంగారం తూచేవారని కూడా.

ఇదంతా ముసలి మాస్టారి చాదస్తమని తీసిపారేయకండి. మొన్న ఒకాయన మా ఇంటికొచ్చాడు. పక్క జిల్లా నుంచి పెళ్ళాం పిల్లలతో వచ్చి, చేలగట్ల మీద పట్ట కట్టుకుని నాలుగు రోజులు వెతికాడట. తుండుగుడ్డ కొసన ముడి విప్పి తెల్లటి రాయి ఒకటి చూపించాడు. వీధి చివర ఆచారి గారి కొట్టుకి తీసుకెళ్ళాను. తూస్తే 2.64 గ్రాములు. తర్వాత కాటా మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి సున్నా చేసి, రాయిని దారానికి కట్టి అడుగు తగలకుండా నీళ్ళలో వేలాడదీశాం. కాటా సరిగ్గా ఒక గ్రాము చూపించింది, అంటే రాయి ఒక ఘన సెంటీమీటరు నీళ్ళని పక్కకి నెట్టింది. ఇదే బరువున్న వజ్రమైతే 0.75 దగ్గర ఆగాలి. ఇది ఘన సెంటీమీటరుకి 2.64 గ్రాములు, పలుగురాయి. ఆయన రాయి తడి తుడిచి మళ్ళీ ముడేసుకుంటూ, "బరువైన రాళ్ళే ఏరుకోమని పేపర్లో రాసినారు కదా సార్" అన్నాడు. మీరు అలా రాయలేదు, నిజమే. ఆయనకి అలా అర్థమైంది.

ఈ పరీక్షలో నెగ్గిన ప్రతి రాయీ వజ్రం కాదు. టోపాజ్ కూడా మూడున్నర దగ్గరే తూగుతుంది. కానీ పలుగురాయి, గాజుపెంకు, దుకాణాల్లో అమెరికన్ డైమండ్ పేరుతో అమ్మే రాయి ఇక్కడే దొరికిపోతాయి. ఆ చివరిది అంతే వజ్రం కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. వానలు పడే ఆ రెండు నెలలూ తుగ్గలిలో ఒక కాటా, ఒక గ్లాసు, లెక్క తెలిసిన ఒక మనిషిని కూర్చోబెట్టడానికి ప్రభుత్వానికి ఏం ఖర్చవుతుంది? దళారి చెప్పిందే వేదమవ్వకుండా ఉంటుంది. కమిటీ వేయాలంటారేమో, వేసుకోనివ్వండి.

బంగారం అంగళ్ళ సంగతి సరేసరి. మా అమ్మాయి పెళ్ళికి కొన్న నెక్లెస్‌లో రాళ్ళు బంగారంతో పాటే కాటా ఎక్కాయి, బంగారం ధరే పలికాయి. పదేళ్ళకి అదే నెక్లెస్ మార్చబోతే రాళ్ళన్నీ కాటా దిగిపోయాయి. తరుగు మాత్రం రెండుసార్లూ ఉంది. తూనికలు కొలతల శాఖ వారు కూరగాయల బండి దగ్గర కనిపిస్తారు గానీ ఏసీ షోరూముల్లో నాకెప్పుడూ తారసపడలేదు.

నేను పనిచేసిన చివరి బడిలో స్ప్రింగ్ త్రాసు ఒకటుండేది. తొమ్మిదో తరగతి పిల్లలు రాళ్ళు తెచ్చి నీళ్ళలో ముంచి తూచేవాళ్ళు. నేను రిటైరయ్యేనాటికి ల్యాబ్ గదిలో బియ్యం బస్తాలున్నాయి. త్రాసు ఏమైందని అడిగితే తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవాలన్నారు. ఇంకా కనుక్కుంటూనే ఉన్నట్టున్నారు.

సవరణ వేయండి. ఏ మూలనో క్రాస్‌వర్డ్ పక్కన కాకుండా, వార్త వచ్చిన పేజీలోనే వేయండి. వేసేటప్పుడు ఆ చుక్క ఎగరగొట్టకండి. 3.52 కాస్తా 352 అయితే మళ్ళీ ఉత్తరం రాసే ఓపిక నాకు లేదు.

- విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, పత్తికొండ