డబ్బు ఎవరి పద్దులో ఉంది, బుజ్జీ?

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం

చి. బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

గురువారం ఫోనులో నువ్వు చెప్పిందంతా విని ఊరుకున్నాను. కోపం వచ్చి కాదు. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో కౌంటరు వెనక కూర్చున్నదాన్ని, కాగితం చూడకుండా మాట్లాడటం నాకు చేతకాదు. బిట్‌కాయిన్ కొందామని నువ్వు డబ్బు పంపిన ఆ ఎక్స్ఛేంజీ (ఆన్‌లైన్‌లో క్రిప్టో నాణేలు కొని అమ్మే సంస్థ) వాళ్ళకూ నీకూ నడిచిన సంభాషణలన్నీ మన వీధి చివర జిరాక్సు షాపులో ప్రింటు తీయించాను. ఇరవై ఆరు పేజీలు. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని.

ముందు ఒక దెప్పిపొడుపు అయిపోనీ. మనిద్దరి జాయింటు ఖాతా నుంచి 85,000 రూపాయలు వెళ్ళినట్టు ఆ రాత్రే నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. పొద్దున్నే అడిగితే స్నేహితుడికి ఆసుపత్రి ఖర్చు అన్నావు. నమ్మినట్టు ఊరుకున్నాను కానీ నమ్మలేదు. ఆసుపత్రిలో ఉన్న స్నేహితుడి పేరు చెప్పడానికి ఎవరూ అంత సేపు ఆలోచించరు. పై వాటా అద్దె నెలనెలా పోగైన డబ్బు అది. ఇక ఈ సంగతి ఎత్తను. ఉత్తరం చివర ఒక్కసారి ఎత్తుతాను, అంతే.

ఇప్పుడు అసలు విషయం. డబ్బు పోయిందని నువ్వంటున్నావు. పోలేదు. శుక్రవారం మన బ్రాంచికి వెళ్ళాను. కౌంటరులో కుర్రాడు 'క్రిప్టో' అన్న మాట వినగానే, అవి మేం ముట్టుకోమండీ, రిజర్వు బ్యాంకు వద్దంది అన్నాడు. 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆ సర్క్యులర్‌ను 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది నాయనా, దాన్ని చూపించి ఖాతాదారులను తిప్పి పంపవద్దని మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకే మళ్ళీ చెప్పింది అన్నాను. పాపం, కుర్చీ వేశాడు. కంప్యూటరులో చూసి, ఆ నెఫ్ట్, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు నువ్వు చేసిన ఆన్‌లైన్ బదిలీ, అదే రాత్రి అవతలి బ్యాంకులో ఎక్స్ఛేంజీ ఖాతాకు జమ అయిందని ప్రింటు ఇచ్చాడు. జమ కాకపోయి ఉంటే రెండు గంటల్లోపే మనకు తిరిగి వచ్చేది. కాబట్టి మన బ్యాంకు పద్దులో అది లేదు, దారిలోనూ లేదు. ఎక్స్ఛేంజీ పద్దులోనే ఉంది. నీ పేరు మీద మాత్రం లేదు.

ఎందుకు లేదో పదకొండో పేజీలో వాళ్ళే రాశారు. నువ్వు చదవలేదు, లేదా చదివి దాటేశావు. వాళ్ళ దగ్గర ఖాతా తెరిచింది నువ్వు, పాన్ కార్డు నీది. డబ్బు వచ్చిన బ్యాంకు ఖాతాలో మొదటి పేరు నాది, నీది రెండోది. నెఫ్ట్‌లో డబ్బుతో పాటు పంపినవారి పేరు కూడా వెళుతుంది. వాళ్ళ కంప్యూటరుకు కనిపించింది నీ పేరు కాదు, నాది. అంటే ఎవరో ముక్కూ మొహం తెలియని గుంటూరు ఆవిడ 85,000 పంపింది. దాన్ని నీకు జమ చేస్తే రేపు పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సింది వాళ్ళు. 2023 మార్చి నుంచి ఈ ఎక్స్ఛేంజీలను కూడా మనీ లాండరింగ్ (అక్రమ సొమ్మును సక్రమంగా చూపించడం) నిరోధక చట్టం కిందికి తెచ్చారు. ఎవరి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో సరిచూసుకోవాలి, అనుమానం వస్తే పై వాళ్ళకు తెలపాలి. ఇతరుల ఖాతా నుంచి డబ్బు వేయవద్దని వాళ్ళ పేజీలో ఎర్ర అక్షరాలతో ఉందని నువ్వే అన్నావు కదా, చిన్న అక్షరాలు అని విసుక్కుంటూ.

అందుకని ఆపడం వాళ్ళ తప్పు అనను. అట్టే పెట్టుకోవడం తప్పు. నీకు జమ చేయలేని సొమ్మును వచ్చిన ఖాతాకే తిప్పి పంపాలి.

మా రోజుల్లో ఇలాంటి డబ్బును సస్పెన్స్ ఖాతాలో వేసేవాళ్ళం. ఎవరిదో తేలని సొమ్ము అందులో పడి ఉంటుంది. ఒకసారి ఒక మిర్చి రైతు డిమాండు డ్రాఫ్టు డబ్బు అలాగే పడింది. డ్రాఫ్టు మీద ఇంటిపేరు ముందుంది, పాస్‌బుక్కులో పొట్టి అక్షరాలలో వెనక ఉంది. అంతే తేడా. నాలుగు నెలలు ప్రతి సోమవారం వచ్చాడు. ఒక్కరోజూ గొంతు పెంచలేదు. గుడ్డ సంచిలోంచి అదే కౌంటర్‌ఫాయిల్ తీసి అద్దం కింద నుంచి నా వైపు జరిపేవాడు. రేపు చూద్దాం అనేదాన్ని. సొరుగు తీసి రిజిస్టరు చూడటానికి పావుగంట పట్టేది, ఆ పావుగంట నాకు నాలుగు నెలలు దొరకలేదు. ఈ ఇరవై ఆరు పేజీలు చదువుతుంటే అతని చెయ్యే గుర్తుకొచ్చింది. అవతల కూర్చున్నవాడు దొంగే కానక్కరలేదు. నాలాంటివాడైనా చాలు.

ఇరవై మూడు రోజుల్లో ఏడు ఫిర్యాదులు పెట్టావు. ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఏడుగురు మనుషులు ఏడుసార్లు మొదటి నుంచి మొదలుపెట్టారు. మూడో ఫిర్యాదులో ఎవరో కాస్త తెలివైన మనిషి తగిలి, డబ్బు వాపసు చేయడానికి మొదటి ఖాతాదారు సంతకంతో అంగీకార పత్రం పంపండి అని అడిగారు. దానికి నువ్వు జవాబు ఇవ్వలేదు. 'మీరంతా దొంగలు' అని రాసి నాలుగోది తెరిచావు. ఎందుకో నాకు అర్థమైంది. ఆ మొదటి ఖాతాదారును నేను. నా సంతకం అడగాలంటే స్నేహితుడి ఆసుపత్రి సంగతి బయటపడుతుంది. ఇరవై రోజులు ఆ డబ్బును ఆపింది ఎక్స్ఛేంజీ కాదు బుజ్జీ, నువ్వు అడగలేకపోయిన ఒక సంతకం.

సరే. పత్రం దీనితోపాటే పంపుతున్నాను. మూడో ఫిర్యాదు నంబరు మీదే జవాబు రాయి, కొత్తది తెరవకు. వాళ్ళ ఫిర్యాదుల అధికారికీ అదే ఉత్తరం పంపు. ఆన్‌లైన్‌లో సేవలు అమ్మేవాళ్ళ కోసం 2020లో వచ్చిన వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఉత్తరంలో తేదీ, మొత్తం, నెఫ్ట్ యూటీఆర్ నంబరు (ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య), నా ఖాతా చివరి నాలుగు అంకెలు, వాపసు అదే ఖాతాకు చేయాలన్న ఒక్క కోరిక. ఆ యూటీఆర్ పదహారు అక్షరాలూ చూసి రాయి, నీ నాలుగో ఫిర్యాదులో ఒక సున్నా ఎగిరిపోయింది.

ఆ వారంలో బిట్‌కాయిన్ పెరిగిందనీ, జమ చేసి ఉంటే ఇంత లాభం వచ్చేదనీ ఐదు పేజీలు రాశావు. అది తీసెయ్యి. కొనని సరుకు మీద లాభానికి వోచరు ఉండదు. రొక్కం అడిగినప్పుడు రొక్కమే అడగాలి, పక్కన ఊహ కలిపితే అవతలివాడు ఊహకే జవాబు రాస్తాడు, రొక్కం ఊసెత్తడు. నీకు వచ్చిన జవాబుల్లో సగం అవే.

ఇక ఆ ఐదు వేల సంగతి. మంగళవారం నన్ను అప్పు అడిగావు కదా, అప్పుడే ఏదో జరుగుతోందని అనుకున్నాను. ఎక్స్ఛేంజీ అధికారినని చెప్పి నీకు మెసేజ్‌లు పెడుతున్నవాడు ముందు ముప్పై శాతం పన్నులో కొంత కడితేనే డబ్బు విడుదల అంటున్నాడన్నావు. ఆ ముప్పై శాతం 2022 బడ్జెట్‌లో వచ్చిన పన్నే, నిజమే. కానీ అది అమ్మి లాభం వచ్చాక ఆదాయపు పన్ను లెక్కలో కట్టేది. అమ్మినప్పుడు ఒక శాతం టీడీఎస్, అదే ముందే కోసుకునే పన్ను, ఎక్స్ఛేంజీయే అమ్మకం సొమ్ములోంచి పట్టుకుంటుంది. నువ్వు ఇంకా కొననేలేదు, పన్ను దేని మీద? అయినా నీ 85,000 చేతిలో పెట్టుకున్నవాడికి ఐదు వేలు కావాలంటే అందులోంచే పట్టుకుంటాడు. నిన్ను తెమ్మనేవాడి చేతిలో ఏమీ లేదన్నమాట. వాడితో మాట్లాడకు, వాడు పంపిన లింకు దేన్నీ తెరవకు. పొరపాటున ఏమైనా పంపి ఉంటే దాచకుండా ఈ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చెయ్యి. పంపావా లేదా అన్నది ముందు నాకు చెప్పు. ఈసారి వెంటనే.

మౌంట్ గాక్స్ లాగా మన డబ్బూ పదేళ్ళకు కానీ రాదేమో అన్నావు. అది వేరు. 2014లో టోక్యోలో ఆ బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజీ కంపెనీయే కూలిపోయింది, 2024 జూలైలో కానీ అక్కడివాళ్ళకు బిట్‌కాయిన్లు తిరిగి ఇవ్వడం మొదలవలేదు. మనవాళ్ళు మూడు రోజులకొకసారైనా జవాబు రాస్తున్నారు, కాగితం అడుగుతున్నారు. కాగితం అడిగేవాడు ఇంకా కొట్టు మూయలేదని అర్థం. అయితే మూసే రోజంటూ వస్తే, బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల దాకా ఉన్న బీమా అక్కడ లేదు. ఈ తేడా తెలిసి కూడా వేయాలనుకుంటే అది నీ జీతం, నీ ఖాతా, నీ ఇష్టం.

నెల గడిచినా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి నమోదు చేయిద్దాం, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. మనం ఉన్న ఊళ్ళోనే వేయవచ్చు, 5 లక్షల లోపు ఫీజు కూడా లేదు. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళతానన్నావు, అక్కడ పని కాదు. మన బ్యాంకు తప్పేమీ చేయలేదు, ఎక్స్ఛేంజీ ఆయన పరిధిలో లేదు. కేసు దాకా వస్తే నేనూ వస్తాను. డబ్బు పంపినట్టు కనిపించేది నా పేరే కదా.

ఈ కవరులో ఉన్నవి: అంగీకార పత్రం, నీలం సిరాతో సంతకం చేసింది. ఖాతా స్టేట్‌మెంటు, బ్రాంచి ముద్రతో. రద్దు చేసిన చెక్కు ఒకటి. నా పాన్ కార్డు నకలు, దాని మీద 'వాపసు కోసం మాత్రమే' అని అడ్డంగా రాసి తేదీ వేశాను. అన్నీ స్కాన్ చేసి పంపు, అసలువి నీ దగ్గర పెట్టుకో. అమ్మాయికి కూడా ఈ సంగతి చెప్పు. నేను చెప్పను.

ఒక్కసారి ఎత్తుతానన్నాను కదా. పై వాటావాళ్ళు ఈ నెల అద్దె నిన్ననే ఆ ఖాతాలో వేశారు. దాన్ని ముట్టుకోకు.

అమ్మ