నీలం పూలతో ఎర్ర పోషన్

వెస్ట్ మాంబళం, చెన్నై

చిన్నీ,

శనివారం మీ ఫ్లాట్‌లో అందరూ చేరి స్కైరిమ్ అనే వీడియో గేమ్ ఆడుతున్నారనీ, ఆటలో తాగే పోషన్, అదే మంత్రకషాయం, లాంటిది నిజంగా చేసి పెట్టాలనీ, అందులో మందు చుక్క కూడా ఉండకూడదనీ రాశావు. మీ అమ్మకు చదివి వినిపించాను. "దానికింత ఆలోచన దేనికి, రస్నా కలిపి ఇమ్మను" అంది. కానీ ఈ ఇంట్లో షర్బత్తుల శాఖ నాది కదా, అంత తేలిగ్గా వదల్లేను. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నువ్వు ఇక్కడున్నప్పుడు నీ వెనక కుర్చీ వేసుకుని ఆ ఆట చాలానే చూశాను. డ్రాగన్లూ కత్తులూ నాకు పెద్దగా ఎక్కలేదు గానీ ఆ ఆల్కెమీ బల్ల మాత్రం భలే నచ్చింది. ఒక్కో దినుసుకు నాలుగేసి గుణాలు. రెండు దినుసులకు ఏదో ఒక గుణం ఉమ్మడిగా ఉంటేనే కషాయం కుదురుతుంది, లేకపోతే దినుసులు వృథా. బ్లూ మౌంటెన్ ఫ్లవర్, గోధుమలు కలిపితే ప్రాణం నింపే పోషన్ వస్తుంది. రెండూ దారి పక్కన దొరికేవే కాబట్టి నువ్వు ఎప్పుడూ అవే మూట కట్టుకుని తిరిగేదానివి. వచ్చే సీసా మాత్రం ఎరుపు. నీలం పువ్వుకూ గోధుమ గింజకూ ఎరుపు ఎక్కడిదో ఆట చెప్పదు. మన వంటింట్లో మాత్రం దానికి దారి ఉంది, అందుకే నీకు ఈ పోషనే చెబుతున్నాను.

నీలం పువ్వు అంటే శంఖుపువ్వు. మన మేడమీద పిట్టగోడకు పాకిన తీగే. ఇక్కడి వాళ్ళు సంగు పూ అంటారు. పొద్దున్నే మీ అమ్మ దేవుడికి కోసే పూలలో వాటా అడిగి, నీడలో ఆరబెట్టి డబ్బాలో పోశాను. వాటాల దగ్గర రోజూ గొడవే, అది వేరే సంగతి. ఈ పువ్వులో ఆంథోసయనిన్ జాతి రంగు ఉంటుంది. మామూలు నీళ్ళలో నీలంగా ఉంటుంది, పులుపు తగిలితే ఊదా అవుతుంది, సోడా ఉప్పు తగిలితే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. థాయిలాండ్‌లో ఈ పూల నీళ్ళలో నిమ్మరసం పిండుకుని తాగడం మామూలే. అమెరికాలో ఆహార పదార్థాల్లో ఈ రంగు వాడటానికి 2021లో అనుమతి ఇచ్చారు.

నిమ్మకాయ పిండితే ఊదా దాకా వస్తుంది, ఎరుపు రాదు. ఎరుపు కోసం గోంగూర కావాలి. ఆకు కాదు, ఎర్ర గోంగూర కాయను చుట్టుకుని ఉండే దళసరి రేకులు. ఎండబెట్టినవి ప్యాకెట్లలో అమ్ముతారు, వాటి పుల్లదనం నీకు తెలిసిందే. ఆ రేకుల కషాయం ఎర్రగా ఉంటుంది, పుల్లగా ఉంటుంది. నీలం నీళ్ళలో పోయగానే పులుపుకు నీలం విరిగి ఊదా అవుతుంది, పైనుంచి దీని ఎరుపు కలుస్తుంది. అంటే గ్లాసులో నీలం పువ్వుతో మొదలై నీ కళ్ళముందే ఎర్ర పోషన్ తయారవుతుంది. మీ వాళ్ళు ఫోన్లు బయటికి తీసేది ఇక్కడే.

పుణెలో ఈ రేకులు కొనేటప్పుడు ఒక్కటి చూసుకో. మందార టీ అని రాసి ఉన్న ప్యాకెట్లన్నీ ఒకటి కావు. కొన్నిట్లో ఈ గోంగూర జాతి రేకులుంటాయి, కొన్నిట్లో మన పెరటి మందార పూలుంటాయి. ఒక రేకు నోట్లో వేసుకుని నమిలి చూడు. పుల్లగా ఉంటే మనకు కావలసిందే, చప్పగా ఉంటే కాదు. ఆటలో కూడా తెలియని దినుసును తిని చూస్తేనే కదా మొదటి గుణం బయటపడేది.

ఇక అసలు విషయం. ఇలాంటి పానీయాలు చేసేవాళ్ళు చాలామంది రంగు దగ్గరే ఆగిపోతారు. జపాన్‌లో సన్‌టోరీ కంపెనీ 2006లో ఫైనల్ ఫాంటసీ ఆట పేరు మీద పోషన్ అనే పానీయాన్ని నిజంగానే సీసాల్లో పోసి అమ్మింది. అంత పెద్ద కంపెనీ చేస్తే సరే, ఇళ్ళల్లో చేసేవాళ్ళు మాత్రం తియ్యటి సోడాలో నీలం రంగు కలిపి పోషన్ అనేస్తారు. రెండు గుక్కలు తాగాక గ్లాసు పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే లోపల చక్కెర తప్ప ఏమీ లేదు. మందు తాగేవాళ్ళకు గొంతులో కాస్త మంట కావాలి, నాలుక మీద కాస్త బరువు కావాలి, చేదో వగరో కావాలి. అందుకే ఒక గ్లాసుతో గంటసేపు కూర్చోగలరు. మనం మందు తీసేశాం కాబట్టి ఆ పనులన్నీ వేరే దినుసులకు అప్పజెప్పాలి. శంఖుపువ్వుకు రంగే తప్ప రుచి దాదాపు ఉండదు, దాని మీద ఆశ పెట్టుకోకు. మంట అల్లం, మిరియాలు చూసుకుంటాయి. పులుపూ వగరూ గోంగూర రేకులవి. బరువు కోసం ఆటలో గోధుమలున్నాయి గానీ మనం బార్లీ వేద్దాం. గోధుమలు వేయించి కాచితే నీళ్ళు గోధుమరంగుకు తిరిగి నీలాన్ని చెరువు నీళ్ళలా చేస్తాయి. బార్లీ నీళ్ళు తెల్లగా, కాస్త చిక్కగా ఉంటాయి. జ్వరం వస్తే అమ్మమ్మ కాచి ఇచ్చేదే కదా అని ముఖం చిట్లించకు, ఇందులో దాని రుచి వెనక్కి వెళ్ళిపోతుంది.

ఆరుగురికి కొలతలు రాస్తున్నాను. పూస బార్లీ 50 గ్రాములు బాగా కడిగి, లీటరు నీళ్ళలో సన్నటి మంట మీద అరగంట ఉడికించు. వడకట్టి చల్లార్చు. గింజలు పారేయకు, మర్నాడు పెరుగు కలుపుకుని తినొచ్చు. వేరే గిన్నెలో పావు లీటరు నీళ్ళు మరిగించి, దించి, ఇరవై ఎండు శంఖుపూలు వేసి మూతపెట్టు. ఏడెనిమిది నిమిషాలు చాలు, పిండకుండా వడకట్టు. మీ దగ్గర బోరు నీళ్ళయితే రంగు కాస్త పచ్చగా రావచ్చు, ఫిల్టర్ నీళ్ళే వాడు.

ఎర్ర కషాయానికి మాత్రం తొందరపడకు, రుచంతా అందులోనే ఉంది. గోంగూర రేకులు 20 గ్రాములు, బొటనవేలంత అల్లం ముక్క దంచినది, పది మిరియాలు కచ్చాపచ్చాగా నలిపినవి, రెండు ఏలకులు. అన్నీ అర లీటరు నీళ్ళలో వేసి ఐదు నిమిషాలు మరగనిచ్చి, దించి, పావుగంట మూతపెట్టి ఉంచు. స్టీలు గిన్నె వాడు, అల్యూమినియంలో పులుపు వద్దు. వడకట్టి, వేడిగా ఉండగానే 100 గ్రాముల పటికబెల్లం, చిటికెడు ఉప్పు వేసి కరిగించు. మామూలు బెల్లం, తాటిబెల్లం వేస్తే రుచి బాగానే ఉంటుంది గానీ ఎరుపు కాస్తా గోధుమరంగు అవుతుంది. రుచి చూస్తే ఘాటు ఎక్కువైందేమో అనిపించాలి. మంచూ సోడా పడ్డాక సరిపోతుంది. శ్రీరామనవమి పానకం రుచి నీకు గుర్తే కదా, శొంఠీ మిరియాలూ గొంతులో దిగేటప్పుడు తగిలే ఆ మంటే మనకు కావలసింది.

మూడూ విడివిడిగా ఫ్రిజ్‌లో పెట్టు. శుక్రవారం రాత్రి చేసుకుంటే శనివారం సాయంత్రానికి సరిగ్గా ఉంటాయి. బార్లీ నీళ్ళు మాత్రం అంతకు మించి ఉంచకు, త్వరగా పులుస్తాయి. పోసేటప్పుడు గ్లాసులో మంచు ముక్కలు, వాటిమీద బార్లీ నీళ్ళు సగం దాకా, తర్వాత నీలం నీళ్ళు నాలుగు చెంచాలు. గ్లాసు వాళ్ళ చేతికిచ్చి, ఎర్ర కషాయం చిన్న గిన్నెలో పక్కన పెట్టు. ఎవరిది వాళ్ళే పోసుకుంటారు. సోడా అందరికంటే చివర. సోడాలో కూడా కాస్త ఆమ్లం ఉంటుంది, ముందే పోస్తే నీలం మెల్లగా ఊదాకు జారిపోయి ఆట ముందే అయిపోతుంది.

మ్యాజికా, అంటే ఆటలోని మంత్రశక్తి, నింపే నీలం పోషన్ కూడా కావాలని ఎవరైనా పట్టుబడితే, పులుపు జోలికి పోకుండా లేత కొబ్బరి నీళ్ళలో శంఖుపూల నీళ్ళు, ఏలకుల పొడి కలిపి ఇవ్వు. కొద్దిగా ఊదా ఛాయ వచ్చినా నీలంగానే కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే ఎర్రదాని ముందు ఇది దిగదుడుపే. సత్తువ నింపే ఆకుపచ్చ స్టామినా పోషన్‌కు పచ్చిమామిడి ఉడకబెట్టి పుదీనాతో రుబ్బి పన్నా చేసెయ్, దానికి వేరే కొలతలు అక్కర్లేదు, నీకు చేతనవును.

చీకట్లో మెరవాలని మీ వాళ్ళలో ఎవరో అన్నారన్నావు. టానిక్ వాటర్‌లో క్వినైన్ ఉంటుంది, అతినీలలోహిత కాంతి పడితే అది నీలంగా వెలుగుతుంది. పార్టీలకు అమ్మే బ్లాక్‌లైట్ బల్బు చాలు. సోడా బదులు అది పోయొచ్చు, చేదు కూడా ఈ పోషన్‌కు నప్పుతుంది. క్వినైన్ పడనివాళ్ళు ఉంటారు, గర్భంతో ఉన్నవాళ్ళకు కూడా వద్దంటారు, కాబట్టి పోసేముందు చెప్పి పొయ్యి. మెరుపుల పొడి మాత్రం డబ్బా మీద తినదగినదని స్పష్టంగా రాసి, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటేనే కొను. విషం కాదు అని రాసినంత మాత్రాన తినేది అయిపోదు, క్రాఫ్ట్ షాపుల్లో దొరికేది అదే రకం.

పొగ రావాలని డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, తెప్పించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానెయ్. అది సున్నాకు 78 డిగ్రీలు కింద ఉంటుంది, ముక్క గొంతులోకి జారితే లోపల కాలిపోతుంది. మూతపెట్టిన సీసాలో వేస్తే గ్యాస్ నిండి సీసా పేలుతుంది. పొగ లేకపోతే పోషన్ కాదనే వాళ్ళెవరైనా ఉంటే వేడి టీ పొయ్యి, దానికీ పొగ వస్తుంది.

సీసాల విషయం. మీ ఫ్రెండ్ ల్యాబ్ నుంచి ఫ్లాస్కులు తెస్తానన్నాడట. చూడ్డానికి బాగుంటాయి, కానీ వాటిలో ఇంతకుముందు ఏముందో ఎవరికి తెలుసు, వద్దు. గోలీసోడా సీసా కంటే పోషన్ సీసాలా ఉండేది ఏముంది చెప్పు? ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన 1870లలో పేటెంట్ తీసుకున్న సీసా, అక్కడ ఎప్పుడో మానేసినా మన దగ్గర ఇంకా నడుస్తోంది. దానిలో గోలీ బిగించాలంటే సోడా ఒత్తిడి కావాలి, ఇంట్లో కుదరదు. అందుకని బిరడాలున్న చిన్న గాజు సీసాలు ప్యారిస్ కార్నర్‌లో ఆరు కొని పంపుతున్నాను. వేడి కషాయం వాటిలో నేరుగా పోయకు, పగులుతాయి.

ఆటలో తేనెతో చేసే మీడ్ ఉంటుంది కదా, దాన్ని మందు లేకుండా చేయొచ్చా అని కూడా అడిగావు. తాగేముందు కలుపుకుంటే ఎందుకు కాదు? సుగంధి షర్బత్తు రెండు చెంచాలు, తేనె ఒక చెంచా, అర చెక్క నిమ్మరసం, సోడా. మైలాపూర్ కచేరీ రోడ్డులో డబ్బా చెట్టి కొట్టుకు వెళ్ళి సుగంధి వేర్లు తెచ్చి షర్బత్తు కాచాను, అదీ ఒక సీసా పెడుతున్నాను. తేనెనీళ్ళు మాత్రం ముందే కలిపి బిరడా బిగించి రోజుల తరబడి బయట పెట్టకు. నీళ్ళు కలిసిన తేనె పులిసి నిజం మీడ్ అయ్యే దారి పడుతుంది, సీసా పగిలినా పగులుతుంది.

మీ ఆరుగురిలో బీరు తెచ్చుకునేవాళ్ళు తెచ్చుకుంటారు, అది వాళ్ళిష్టం. నువ్వు తాగనని చెప్పినప్పుడల్లా ఎందుకు ఏమిటి అని అడుగుతున్నారని రాశావు చూడు, ఈసారి అడిగితే ఎర్ర గ్లాసు వాళ్ళ చేతిలో పెట్టు. మిరియాల ఘాటుకు దగ్గు వచ్చి ప్రశ్న మర్చిపోతారు.

పార్సిల్ ఇవాళే కొరియర్‌లో వేశాను, గురువారానికి అందాలి. శంఖుపూల డబ్బా, సీసాలు, సుగంధి షర్బత్తు నావి. అల్లం మురబ్బా మీ అమ్మది. అది పోషన్‌లో వేయడానికి కాదు, దగ్గుకు అని చెప్పమంది. గోంగూర రేకుల మరక బట్టల మీద పడితే వదలదు, శనివారం తెల్ల చుడీదార్ వేసుకోకు.

నాన్న