రంగుల పని మాఘంలోనే మొదలవ్వాలి: పురపాలక శాఖ మంత్రి గారికి ఒక మేస్త్రీ బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లుగా రంగుల పని చేస్తున్నాను. మొదట్లో అడ్డా మీద నిలబడి రోజు కూలీకి వెళ్లేవాడిని. ఇప్పుడు పన్నెండు మందిని పెట్టుకుని చిన్న చిన్న కాంట్రాక్టులు చేస్తున్నాను. కోఠి, ఆబిడ్స్, సికింద్రాబాద్ వైపు షాపింగ్ కాంప్లెక్సులు, ఆఫీసు భవనాలే మాకు ఎక్కువ. మిమ్మల్ని కోరేది ఒక్కటే. నగరంలో వాణిజ్య భవనాలకు రంగులు వేసే పని సంక్రాంతి వెళ్లగానే మొదలై, హోలీ నాటికి పూర్తయ్యేలా మీ శాఖ ఏర్పాటు చేయాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, మా పనికి అవే మంచి రోజులు. పొద్దుటి మంచు కాసేపట్లో ఆరిపోతుంది. గోడ కాలదు, వాన భయం తక్కువ. లప్పం (గోడ నున్నగా చేసే పుట్టీ) నింపాదిగా ఆరుతుంది, ప్రైమర్ గోడను పట్టుకుంటుంది, మొదటి కోటుకూ రెండో కోటుకూ మధ్య ఇవ్వాల్సిన టైము ఇవ్వగలం. కానీ ఆ రోజుల్లో మాకు పిలుపు రాదు. కొందరు మార్చి ఆఖరి వారంలో హడావిడిగా పిలిచి, లెక్కలు మూసేలోపు బిల్లు పెట్టమంటారు. హోలీకి ఊరెళ్లిన యూపీ, బిహార్ కుర్రాళ్లు అప్పటికి ఇంకా తిరిగి రారు. మిగతావాళ్లు కొత్త ఆర్థిక సంవత్సరం వచ్చాక చూద్దాం అంటారు. చూసేసరికి ఏప్రిల్ సగం అయిపోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పడమటి గోడ మీద చెయ్యి పెట్టలేం. రంగు రోలర్ మీదే గట్టిపడుతుంది. సాగడం లేదని కుర్రాళ్లు నీళ్లు కలుపుతారు. వద్దని అరుస్తాను, అయినా ఎండలో వేలాడుతున్నవాడిని ఎంతని అనగలను? అలా వేసిన రంగు రెండు వానలకే పెచ్చులు లేస్తుంది. ఓనరు పనివాడిని తిడతాడు. హడావిడిలో పాత గ్రిల్స్, షట్టర్లు తడపకుండానే ఎమరీ కాగితంతో గీకేస్తారు. ఇళ్లకు, భవనాలకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన ఎనామిల్ దుమ్ములో ఎంత సీసం ఉందో ఎవరు చూశారు? అది నేరుగా మా వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతోంది.

ఒక మే నెల సాయంత్రం నా కళ్లముందే జరిగింది. నాలుగో అంతస్తు దగ్గర ఝూలా (తాళ్లకు వేలాడే పలక) మీద ఇద్దరు ఉన్నారు. ఉన్నట్టుండి గాలిదుమారం లేచింది. ఝూలా గోడకేసి కొట్టుకుని ఒక కుర్రాడి ముంజేయి విరిగింది. బెల్టు ఉండబట్టి ప్రాణం దక్కింది. మబ్బు పట్టిందని గంట ముందే నేను దించేద్దామంటే, వారంలో ఓపెనింగ్ ఉంది, పని ఆపొద్దని ఆ భవనం వాళ్లు పట్టుబట్టారు. నేనూ ఒప్పుకున్నాను. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. అకాల వానలు, ఈదురుగాలులు ఏప్రిల్, మేలలో ఏటా వచ్చేవే. ఫిబ్రవరిలో అయితే ఈ టెన్షన్ ఇంత ఉండదు.

ఇక మేడల సంగతి. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది, అంటే ఎండ వేడిని తిప్పికొట్టే తెల్లరంగు లాంటివి పైకప్పుకు వేయించడం. ఇది చాలా మంచి పని. కొత్త వాణిజ్య భవనాలకు అది తప్పనిసరి. 2028 నాటికి రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లటి పైకప్పులు ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. కానీ నేను ఎక్కే పాత కాంప్లెక్సుల మీద ఇప్పటికీ నల్లబడిన స్లాబే కనిపిస్తుంది. దాని కింది అంతస్తులో టైలర్ షాపో, కోచింగ్ సెంటరో ఉంటుంది. కొద్దిమంది ఓనర్లు వేయిస్తారు, అదీ మే నెలలో. మేడ కడిగి, నాచు గీకి, పగుళ్లు నింపి, అవి ఆరాక రెండు కోట్లు వేసేసరికి వారం పడుతుంది. అప్పటికి ఎండలు చివరికి వస్తాయి. తర్వాత వానలకు నాచు, దుమ్ము పట్టి తెలుపు మాసిపోతుంది. డబ్బు ఖర్చయింది, చల్లదనం అనుభవించింది ఎన్ని రోజులు? అదే తెలుపు మాఘమాసంలో వేస్తే మూడు నెలల ఎండనూ అది ఆపుతుంది.

ఓనర్లను కదిలించే మార్గం మీ చేతుల్లోనే ఉంది. ఏప్రిల్‌లో ముందుగా ఆస్తి పన్ను కట్టినవారికి నగరంలో 5 శాతం రాయితీ ఇస్తున్నారు. మార్చి లోపల మేడకు తెల్లరంగు వేయించి ఫొటో పెట్టిన వాణిజ్య భవనానికి దానికి తోడు మరికొంత ఇవ్వండి. మరుసటి ఏడు మేడ కడిగించినా ఇవ్వండి. ఫిబ్రవరిలోనే ఫోన్లు మోగుతాయి.

ఇంకోటి, అనుమతులు. బజారు వీధుల్లో పరంజా కట్టాలంటే ఫుట్‌పాత్ ఆక్రమించక తప్పదు. కరెంటు తీగలు గోడకు చేతికందే దూరంలో ఉంటాయి కాబట్టి లైన్ క్లియరెన్స్, అంటే పని జరిగేంతసేపు ఆ తీగల్లో కరెంటు ఆపే అనుమతి, తీసుకోవాలి. షాపులు తెరవకముందో, మూసిన తర్వాతో పని చేయాలి కాబట్టి పోలీసులకూ చెప్పాలి. ఈ మూడింటికీ మూడు చోట్ల తిరిగేసరికి మంచి రోజులు దాటిపోతాయి. ఒకే దరఖాస్తు, జనవరిలో, ఒకే చోట తీసుకునేలా చూడండి.

ఒక మాట మనసులో ఉండిపోయింది, అదీ చెప్తాను. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని తీర్చిదిద్దినప్పుడు కట్టిన పత్తర్‌గట్టీ దుకాణాలకు పేరే రాతి మీద వచ్చింది. అలాంటి రాతి గోడలకు రంగు వేయమని మమ్మల్ని ఎవరైనా పిలిస్తే నేను వెళ్లను. రాయికి కడగడమే అందం. వీటికి రంగు వద్దని ఆ అనుమతి కాగితంలోనే రాయించండి.

వచ్చే డిసెంబరులోపు ఉత్తర్వు వస్తే, సంక్రాంతి పండక్కి వెళ్లే ముందే మా కుర్రాళ్లకు పని తేదీలు చెప్పి పంపుతాను. మీ అధికారులు అడిగితే ఏ భవనానికి ఎన్ని రోజులు, ఎంతమంది పడతారో కూర్చుని లెక్క వేసి ఇస్తాను, రుసుము ఏమీ వద్దు.

ఇట్లు,
ఒక రంగుల మేస్త్రీ,
హైదరాబాద్